విమాన సంస్థల విలీనాలు: పోటీని తేల్చేది స్లాట్లే

ఒక విమానయాన సంస్థ మరొకదాన్ని కొన్నప్పుడు విమానాల సంఖ్య, బ్రాండు, అప్పుల గురించి చర్చ జరుగుతుంది. ప్రయాణికుడి టికెట్ ధరపై అంతకన్నా ఎక్కువ ప్రభావం చూపేది స్లాట్. రద్దీ విమానాశ్రయంలో అది ఎవరి చేతికి వెళ్తుందన్నదే ఆ మార్గంలో పోటీ మిగులుతుందో లేదో తేలుస్తుంది.

ఏమిటీ స్లాట్?

ఫలానా రోజు, ఫలానా సమయానికి విమానం దిగేందుకో బయల్దేరేందుకో ఇచ్చే అనుమతే స్లాట్. మార్చి చివరి ఆదివారం నుంచి వేసవి, అక్టోబర్ చివరి ఆదివారం నుంచి శీతాకాల సీజన్లకు వీటిని కేటాయిస్తారు. కనీసం 80 శాతం వాడుకున్న సంస్థకు మరుసటి ఏడాది అదే సీజన్‌లో అవే స్లాట్లు దక్కుతాయి. అందువల్ల ముందొచ్చినవారి పట్టు సడలడం అరుదు.

గంట, గంటన్నర ప్రయాణాల్లో దీని ప్రభావం మరీ ఎక్కువ. ఉదయం వెళ్లి పని చూసుకుని రాత్రికి ఇల్లు చేరాలనుకునేవారికి మధ్యాహ్నం విమానం ఉపయోగపడదు. పైగా స్లాట్ రెండు చివర్లా కావాలి. శంషాబాద్‌లో దొరికినా ముంబైలో దొరక్కపోతే హైదరాబాద్-ముంబై సర్వీసు నడపలేరు.

హీత్రూ అనుభవం

2012లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ మాతృసంస్థ ఐఏజీ, లుఫ్తాన్సా నుంచి బీఎంఐని కొన్నది. హీత్రూ నుంచి ఎడిన్‌బర్గ్, అబర్డీన్ మార్గాల్లో బ్రిటిష్ ఎయిర్‌వేస్‌కు పోటీ బీఎంఐ ఒక్కటే. దీంతో హీత్రూలో రోజుకు 14 జతల స్లాట్లను ఇతరులకు అందుబాటులో ఉంచాలన్న షరతుపై యూరోపియన్ కమిషన్ ఒప్పుకుంది. వాటి ఆధారంగా వర్జిన్ అట్లాంటిక్ 2013లో ‘లిటిల్ రెడ్’ పేరిట దేశీయ సర్వీసులు మొదలుపెట్టింది. హీత్రూలో విమానం మారి దూరదేశాలకు వెళ్లే ప్రయాణికులు తగినంతగా రాకపోవడంతో 2015లో వాటిని మూసేసింది. 2017లో వచ్చిన ఫ్లైబీ కూడా 2020 మార్చిలో కుప్పకూలింది. స్లాట్ లేకుండా పోటీ పుట్టదు, కానీ స్లాట్ ఒక్కటే దాన్ని బతికించలేదు.

మన దేశంలో

2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయినప్పుడు ముంబైలో 280, ఢిల్లీలో 160 స్లాట్లు ఖాళీ అయ్యాయి. వాటిని మిగిలిన సంస్థలకు తాత్కాలికంగా పంచారు. 2021లో జెట్ పునరుద్ధరణ ప్రణాళికను ఆమోదించిన ఎన్‌సీఎల్‌టీ, పాత స్లాట్లు తిరిగి ఇవ్వాలని ఆదేశించలేదు. చివరికి 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఆ సంస్థ ఆస్తుల అమ్మకానికి ఆదేశించింది.

అదే నెల 12న విస్తారా ఎయిరిండియాలో కలిసిపోయింది. అంతకుముందు 2023 సెప్టెంబర్‌లో కాంపిటీషన్ కమిషన్ ఈ విలీనానికి షరతులతో అనుమతించింది. కొన్ని మార్గాల్లో సీట్ల సంఖ్యను నిర్ణీత స్థాయికి తగ్గనివ్వబోమని సంస్థలు హామీ ఇచ్చాయి. ఇలాంటి హామీ ఉన్న సర్వీసులను కాపాడుతుందే తప్ప కొత్త పోటీదారుకు చోటు ఇవ్వదు.

ఇప్పుడు దేశీయ ప్రయాణికుల్లో సుమారు 90 శాతం మందిని ఇండిగో, ఎయిరిండియా గ్రూపులే చేరవేస్తున్నాయి. 2025 డిసెంబర్‌లో పైలట్ల డ్యూటీ నిబంధనలకు తగ్గట్టు సిద్ధం కాలేక ఇండిగో వేల సర్వీసులు రద్దు చేసినప్పుడు దీని ఫలితం కనిపించింది. ఛార్జీలు ఆకాశాన్నంటడంతో ప్రభుత్వమే పరిమితి విధించింది. 500 కిలోమీటర్ల లోపు ప్రయాణానికి గరిష్ఠంగా రూ.7,500 అని నిర్ణయించింది. పోటీ చేయాల్సిన పనిని ఉత్తర్వు చేయాల్సి వచ్చింది.

ముందున్న అవకాశం

ముంబై పాత విమానాశ్రయంలో రెండు రన్‌వేలు ఒకదాన్నొకటి ఖండించుకుంటాయి. అందువల్ల అక్కడ స్లాట్లు పెంచడం కష్టం. 2025 డిసెంబర్ 25న మొదలైన నవీ ముంబై విమానాశ్రయం ఈ కొరతను కొంత తీర్చగలదు. అయితే అక్కడి ఉదయం, సాయంత్రం వేళలు కూడా పాత సంస్థలకే వెళ్తే, ప్రయాణికుడికి కొత్త టెర్మినల్ దక్కుతుంది కానీ కొత్త ఎంపిక దక్కదు.