హైదరాబాదు క్లోరోఫాం కమిషన్లు: ఊపిరాడకపోవడం, మోతాదు మించడం

క్లోరోఫాం మత్తులో సంభవించే మరణాలలో మొదట ఆగేది గుండెయా, శ్వాసయా అన్న వివాదం పంతొమ్మిదవ శతాబ్దిలో ఆంగ్ల వైద్యులను రెండు పక్షాలుగా చీల్చింది. లండన్ వైద్యులు పలువురు నాడిని కనిపెట్టి ఉండాలన్నారు. ఎడింబరోలో జేమ్స్ సైమ్ సంప్రదాయం శ్వాసనే గమనించమన్నది. సైమ్ శిష్యుడైన ఎడ్వర్డ్ లారీ హైదరాబాదులో రెసిడెన్సీ సర్జనుగా ఉంటూ, అక్కడి వైద్య పాఠశాలను నడుపుతూ, గురువు మాటను ప్రయోగానికి పెట్టాడు.

1888 నాటి తొలి కమిషన్ కుక్కలపై ప్రయోగాలు జరిపి, ముందు ఆగేది శ్వాసేనని తేల్చింది. లాన్సెట్ పత్రిక ఒప్పుకోలేదు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌన్లు సమకూర్చగా, 1889 చివరలో ఆ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ హైదరాబాదు వచ్చాడు. గుండె కూడా దెబ్బతినగలదన్న అభిప్రాయంతో వచ్చిన ఆయన, కుక్కలు, కోతులు, గుర్రాలు, మేకలు మొదలైన నాలుగు వందలకు పైగా జంతువులపై జరిగిన ప్రయోగాల తరువాత లారీ పక్షానికి మారాడు. ఊపిరాడకపోవడం వల్ల గాని, మోతాదు మించడం వల్ల గాని ప్రమాదమే తప్ప, క్లోరోఫాం నేరుగా గుండెను ఆపదని రెండవ కమిషన్ నిర్ణయించింది.

చరిత్రకారుడు నిలిచి చూడవలసింది ఈ ‘గాని’ దగ్గర. కమిషన్ రెండింటినీ వేర్వేరు ప్రమాదాలుగా లెక్కించింది. అవి అంత వేరు కావని తెలియడానికి ఎనభై ఏళ్లు పట్టింది. 1970లో కలెన్, ఎగర్ కుక్కలకు హాలోథేన్ ఇచ్చి, సగం జంతువులు నొప్పికి కదలకుండా ఉండేందుకు అవసరమైన గాఢతను కొలిచారు. ధమనీ రక్తంలో ఆక్సిజన్ పీడనం మామూలుగా వంద మి.మీ. పాదరసానికి దరిదాపుల్లో ఉంటుంది. అది సుమారు 38 వరకు దిగినా మత్తు అవసరం మారలేదు; అంతకు దిగువన తగ్గిపోయింది. అంటే, తీవ్రంగా ఊపిరాడని జంతువుకు అంతకు ముందు సరిపోయిన మోతాదే మించిన మోతాదు అవుతుంది.

హాలోథేన్ సంఖ్యను క్లోరోఫాంకు యథాతథంగా అన్వయించరాదు. అయినా హైదరాబాదు ప్రయోగాలను మళ్లీ చదవడానికి ఇది దారి చూపుతుంది. రక్తపీడనాన్ని గీసే యంత్రం కమిషన్‌కు ఉంది. రక్తంలోని ఆక్సిజన్‌ను క్షణక్షణం కొలిచే సాధనం నాడు ఎక్కడా లేదు. శ్వాస ఆగి మరణించిన కుక్క విషయంలో క్లోరోఫాం వాటా ఎంత, ఆక్సిజన్ లోపం వాటా ఎంత అన్నది ఆ గీతలు చెప్పజాలవు.

గుండె విషయంలో కమిషన్ పొరబడింది. తేలిక మత్తులోనే పిల్లుల గుండె జఠరికలు క్రమం తప్పి అదిరి ఆగిపోగలవని 1911లో గుడ్‌మన్ లెవీ చూపాడు. శ్వాస మీద నుంచి దృష్టి మరల్చరాదన్న లారీ నియమం మాత్రం ఈ ఖండనతో పడిపోలేదు.