మీటకును పలకకును నడుమ

వ్రాత పనిముట్ల చరిత్రను ముచ్చటించువారు గంటమునుండి కలమునకును, కలమునుండి టైపురైటరునకును, అందుండి కంప్యూటరునకును ఒకే త్రోవను చూపుదురు. ఈ త్రోవ చివర నేడొక చిత్రమైన జంట కానవచ్చుచున్నది: ఈ-పేపరు పలక యొకటి, దానితో తీగ యక్కరలేకయే బ్లూటూత్ మూలమున సంబంధము పెట్టుకొను కీబోర్డు మరియొకటి. ఈ కీబోర్డు టైపురైటరు సంతతిలోనిదని మనము తలంతుము. రూపమునుబట్టి యది నిజమే. నడతనుబట్టి చూచినచో మాత్రము దాని వంశము వేరు. అది తంతికి వారసురాలు. ఈ భేదము తెలుగు వ్రాతకును, రేపటి గ్రంథపరిష్కర్తలకును ఎట్లు సంబంధించునో ఇట పరిశీలింపదలచితిని.

1874వ సంవత్సర మీ చరిత్రలో ఒక కూడలివంటిది. ఆ యేడు అమెరికాలో షోల్సు, గ్లిడ్డెనుల టైపురైటరును రెమింగ్టను వారు విక్రయమునకు తెచ్చిరి. ఆ యేడే ఫ్రాన్సులో బోదో తన తంతి యంత్రమునకు హక్కుపత్రము పొందెను. మొదటి దానియందు మీటను నొక్కినచో లోహపుటచ్చు లేచి కాగితమును తాకును; మీట యెక్కడనో అక్షరమును అక్కడనే. రెండవ దానియందు మీటలు అయిదే. వానిని వేర్వేరు కలయికలుగా నొక్కినచో ముప్పదిరెండు సంకేతములు పుట్టును. తీగవెంట పోవునది అక్షరము కాదు, సంకేతము. దానిని అక్షరముగా మార్చుట ఆవలియొడ్డున నున్న యంత్రము పని. అంతకుముందే, 1855లో, హ్యూజెసు పియానోమెట్లవంటి మీటలతో దూరమున అచ్చుపడు తంతిని కల్పించియుండెను గాని, అక్షరమును సంఖ్యగా విడదీసిన ఘనత బోదోకే చెల్లును. 1901 ప్రాంతమున మరే టైపురైటరు పోలిక మీటల వరుసను ఈ సంకేతపద్ధతికి జతపరచెను. టైపురైటరు దేహమును తంతి ప్రాణమును ఒకటియైనది అప్పుడే. నేటి కీబోర్డులన్నియు ఆ సంకరమునుండి పుట్టినవే.

ఇక తీగ తొలగిన కథ. 1994లో స్వీడను దేశమునందలి ఎరిక్సన్ సంస్థలో సమీపమునందున్న యంత్రములను రేడియో తరంగములచే కలుపు ప్రయత్నము మొదలయ్యెను. 1998లో ఎరిక్సన్, నోకియా, ఐబిఎం, ఇంటెల్, తోషిబా అను అయిదు సంస్థలు కూడి దీనికొక సంఘము నేర్పరచినవి. పేరు మాత్రము పదవ శతాబ్దిలో డెన్మార్కునేలిన హెరాల్డ్ బ్లూటూత్ రాజుది. విడివిడిగా నున్న తెగలను ఏకము చేసినవాడను ప్రసిద్ధి యతనికి కలదు. ఆ గుర్తులో ఒక విశేషమున్నది. రాజు పేరులోని తొలియక్షరములు రెండును పూర్వపు ఉత్తర ఐరోపా రూనిక లిపిలో ఒకదానిపై నొకటి కూర్పబడి ఆ గుర్తైనవి. సంయుక్తాక్షరములకు అలవాటుపడిన తెలుగువారికి ఇది క్రొత్త కాదు. ఆ గుర్తును తెలిసియో తెలియకయో జేబులో పెట్టుకొని తిరుగువారిలో ఎంతమంది దానిని ఒత్తక్షరముగా చదివిరో!

కీబోర్డులకు వలసిన నియమావళి బ్లూటూత్‌లో 2003లో చేరినది. అది క్రొత్తగా కల్పింపబడినది కాదు. తీగగల కీబోర్డులకై యూఎస్‌బి పద్ధతిలో అదివరకే యేర్పడిన సంఖ్యాపట్టికనే స్వీకరించినది. ఆ పట్టికలో ఇంగ్లీషు 'ఎ' మీటకు 4, 'బి' మీటకు 5, ఇట్లు 'జెడ్' వరకు 29. కీబోర్డు పంపునది ఈ సంఖ్యను మాత్రమే. మీటపై ముద్రించిన అక్షరము వ్రాయువాని కంటికొరకే గాని కీబోర్డునకు తెలియదు.

తెలుగునకు ఇక్కడ చిక్కును, సౌకర్యమును రెండును కలవు. భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్సు శాఖ 1986లో భారతీయ భాషలన్నిటికి ఇన్‌స్క్రిప్ట్ అను మీటల క్రమమును నిర్ణయించెను. 1991నాటి భారతీయ ప్రమాణములో అది చోటుచేసుకొన్నది. ఆ యేడే యూనికోడు తొలి ప్రకటనలో తెలుగునకు స్థానము లభించినది. ఇన్‌స్క్రిప్ట్ క్రమమున 'స్త్రీ' యని వ్రాయవలెనన్న సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫము, ఈకారపు గుర్తు వరుసగా నొక్కవలెను. గాలిలో పోవునవి 16, 7, 15, 7, 13, 21 అను ఆరు సంఖ్యలు. పలకలో తెలుగు క్రమము అమర్చియున్నచో 'స్త్రీ' యగును. లేనిచో ఆ సంఖ్యలే 'ఎం, డి, ఎల్, డి, జె, ఆర్' అను అర్థములేని ఇంగ్లీషు వరుస యగును. మీటలపై తెలుగు అక్షరముల చీటీలు అంటించుకొన్నను ఫలితము మారదు. తెలుగు వచ్చుట రాకుండుట కీబోర్డులో గాక పలకలోనే యున్నది. కొనునప్పుడు జనులు పరీక్షించునది మాత్రము కీబోర్డునే.

ఆ పలక చరిత్రయు కొంత చెప్పవలెను. 1970లలో జెరాక్సు సంస్థ పరిశోధనాలయమున షెరిడను రెండురంగుల సూక్ష్మగోళములను తిప్పి అక్షరములను చూపు ఉపాయము కనిపెట్టెను. ఎంఐటిలో జేకబ్‌సనును, అతని శిష్యులైన కామిస్కీ, ఆల్బర్టులును సూక్ష్మమైన గుళికలలో రంగురేణువులను ద్రవమందు తేల్చి విద్యుత్తుచే పైకి క్రిందికి నడపు పద్ధతిని రూపొందించి, 1998లో ప్రకటించిరి. అంతకు ముందటి యేడే ఈ-ఇంక్ సంస్థ స్థాపింపబడినది. 2004లో సోనీవారి లిబ్రియే, 2007లో కిండిల్ వచ్చినవి. అవి చదువుటకు మాత్రమే పనికివచ్చినవి. వ్రాతకు అనువైనవి తరువాత వచ్చినవి: 2016లో కీబోర్డు అంటియున్న ఫ్రీరైట్, 2017లో కలముతో వ్రాయు రిమార్కబుల్, 2018లో జపానువారి పొమేరా డిఎం30. రిమార్కబుల్ రెండవ పలకకు 2023లో వచ్చిన కీబోర్డు లోహపు బిందువుల స్పర్శచే పనిచేయును. బ్లూటూత్ కీబోర్డులకు ఆ పలక తావీయలేదు. ఆండ్రాయిడుపై నడచు బూక్స్ వంటి పలకలు ఇచ్చినవి.

ఈ-పేపరునందు బొమ్మ మారుట యనగా రేణువులు ద్రవములో నిజముగా కదలుట. కాబట్టి పూర్తిగా తెర మారుటకు కొన్ని వందల మిల్లీసెకండ్లు పట్టును. తొందరగా మార్చినచో పాతరూపపు ఛాయ మిగులును. ఇంగ్లీషునందు ఒక్కొక్క మీటకు ఒక్కొక్క అక్షరము ప్రక్కన చేరును. వెనుకటి దానికి కదలిక లేదు. తెలుగున అట్లు కాదు. 'స్త్రీ' వ్రాయునప్పుడు సకారపు తలకట్టు పొల్లగును, తకారము క్రింద చేరగనే మరల తలకట్టగును, మరల పొల్లు, మరల తలకట్టు, తుదకు గుడిదీర్ఘము. ఒక్క యక్షరము శిరస్సు అయిదుమార్లు చెరపి వ్రాయబడును. ఈ పలకలను వేగముగా చేయుటకు శ్రమించినవారు ప్రక్కకు పెరుగు లిపిని తలచుకొనిరేమో గాని, పైకిని క్రిందికిని పెరుగు లిపిని తలచుకొన్నట్లు తోపదు. తెలుగు వ్రాయువానికి మసకఛాయ ఎక్కువగా కనబడుటకు ఇదియే హేతువు.

అయినను కనబడకుండ వ్రాయుట మనకు క్రొత్త కాదు. గంటముతో తాటాకుపై గీచిన గీత వెంటనే స్పష్టముగా కానరాదు. మసియో, ఆకుపసరో పూసి తుడిచిన పిదపనే అక్షరము తేటపడును. ఆ లేఖకుడు కంటికంటె వ్రేలిని నమ్మెను. ఈ-పేపరుపై తెర వెనుకబడుచుండగా ముందుకు వ్రాసికొనిపోవువాడును వ్రేలినే నమ్మవలెను. ఒక భేదము మాత్రము గొప్పది. తాటాకు లేఖకుని వ్రేలికి తెలిసినది అక్షరపు రూపము. నేటి లేఖకుని వ్రేలికి తెలిసినది మీట యుండు చోటు.

పాఠపరిష్కరణము నభ్యసించువారు ఇచ్చట నిలువవలెను. వ్రాతప్రతులలోని లేఖకప్రమాదములను మన పండితులు రూపసామ్యమునుబట్టియు, ఉచ్చారణమునుబట్టియు నిర్ణయించుచుండిరి. పకార వకారములు తారుమారైనచో ఆకృతి పోలికయనియు, ఖకారమునకు కకారము పడినచో ఒత్తు విడుచుటయో, పలుకుబడి ప్రభావమో యనియు చెప్పుదురు. ఇన్‌స్క్రిప్ట్ క్రమమున ఒత్తక్షరములన్నియు షిఫ్టు మీటతో వచ్చును. ఆ మీటపై వ్రేలు సరిగా నానకున్నచో 'ఖ' క యగును, 'ధ' ద యగును, 'భ' బ యగును. అట్టి ప్రతిని చూచి గ్రంథకర్త ఒత్తులు పలుకలేని ప్రాంతమువాడని నిశ్చయించినచో అది పొరపాటగును. అట్లే క, త లు ప్రక్కప్రక్క మీటలపై నున్నవి. వానికి రూపసామ్యము గాని ధ్వనిసామ్యము గాని లేకున్నను ఒకదానికి మరియొకటి పడుట సులభము. ఇంగ్లీషు అక్షరములతో వ్రాసి తెలుగుగా మార్చుకొనువారి తప్పులు వేరు. అక్కడ ట, త లును, ణ, న లును తారుమారగును.

కావున ఈనాటి రచయిత చిత్తుప్రతిని రేపు పరిష్కరింపబూనువాడు, ఆ రచయిత యే క్రమమున మీటలు నొక్కెనో ముందుగా నెరుగవలెను. ఆ వివరము ప్రతిలో ఎచ్చటను ఉండదు. గాలిలో పోయిన సంఖ్యలను ఎవరును దాచిపెట్టరు. పలకలో మిగులునది యూనికోడు అక్షరముల వరుస మాత్రమే. తాటాకు గ్రంథముల చివర గద్యలో లేఖకుడు తన పేరును, సంవత్సరమును, ఒక్కొక్కప్పుడు తన తప్పులకు క్షమాపణమును చెప్పుకొనెడి ఆచారమొకటి యుండెడిది. ఇన్‌స్క్రిప్టుతోనో, ఇంగ్లీషు అక్షరములతోనో వ్రాసితినని ఒక్క పంక్తి అట్లే చేర్చుటకు ఏ పలకయును అడ్డుచెప్పదు.