యతీం అంటే అనాథ కాదు

మా ఇళ్లలో 'లేపాలక్' అనే మాట ఉంది. తెచ్చి సాదుకున్న బిడ్డ అని అర్థం. పిల్లలు లేని ఖాలా చెల్లెలి కూతుర్ని తెచ్చుకుంటుంది. తల్లి పోయిన పసివాడు మామూ ఇంట్లో పెరుగుతాడు. చదివిస్తారు, పెళ్లి చేస్తారు. ఎవరూ కాగితం రాసుకోరు. అయినా "మీలో దత్తత లేదటగా" అని సెక్యులర్ మిత్రులు మమ్మల్ని అడుగుతుంటారు. లేదనే మా మౌల్వీలూ అంటారు. ఈ ఇద్దరూ ఒకే మాట మీద నిలబడటం అరుదు. అందుకే ఆ మాట చరిత్ర తిరగేయాలనిపించింది.

ముహమ్మద్ ప్రవక్త స్వయంగా యతీం. పుట్టకముందే తండ్రి పోయాడు. ఆరేళ్లకు తల్లి పోయింది. తాత దగ్గర, తర్వాత తండ్రి తోడబుట్టిన అబూతాలిబ్ దగ్గర పెరిగాడు. పెంచిన పిల్లల్ని కన్నతండ్రుల పేరుతోనే పిలవమని ఖురాన్ 33వ సూరా చెబుతుంది. యతీంల సొమ్ము తినొద్దని 4వ సూరా గట్టిగా హెచ్చరిస్తుంది. అంటే పెంచొద్దనలేదు, పుట్టుక చెరపొద్దంది. ఈ పెంపకాన్నే కఫాలా అంటారు. వారసత్వం రాకపోయినా ఆస్తిలో మూడో వంతు దాకా ఆ బిడ్డకు వీలునామా రాయొచ్చు. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 20వ అధికరణంలో ఫోస్టర్ కేర్, దత్తతల పక్కనే కఫాలా పేరూ ఉంది. భారతదేశం 1992లో ఆ ఒడంబడికలో చేరింది. ఇక్కడి బాలల చట్టంలో మాత్రం ఆ మాటకు చోటు దొరకలేదు.

ఇక 1937 షరియత్ చట్టం. ముస్లింలకు అన్నిటా షరియతే అని వచ్చిన చట్టం అనుకుంటాం. తెరిచి చూడండి. రెండో సెక్షన్లో నికా, తలాక్, మెహర్, వారసత్వం, గార్డియన్‌షిప్, వక్ఫ్ ఉన్నాయి. దత్తత లేదు! దత్తత, వీలునామాలు మూడో సెక్షన్లోకి పోయాయి. నాకు వీటిలోనూ షరియతే కావాలని ఎవరైనా అధికారి ముందు రాతపూర్వకంగా ప్రకటిస్తేనే అది వర్తిస్తుంది. సాగుభూమిని మొత్తానికే బయటపెట్టారు. ఎందుకంటే ఉత్తరాదిన భూములున్న ముస్లిం కుటుంబాల్లో ఆస్తి ఆచారం ప్రకారం నడిచేది. కొన్నిచోట్ల దత్తత కూడా ఆచారమే. సెంట్రల్ అసెంబ్లీలో జిన్నా తెచ్చిన సవరణతో ఈ వెసులుబాటు వచ్చింది. జమీన్ దగ్గరికొచ్చేసరికి షరియత్ ఐచ్ఛికమైందన్న మాట.

1972లో రాజ్యసభలోకి అందరికీ వర్తించే దత్తత బిల్లు వచ్చింది. షరియత్‌కు విరుద్ధమని మా పెద్దలు లేచారు. 1937లో జమీందారు కోసం తెరిచిన తలుపు దిక్కులేని బిడ్డ కోసం తెరుచుకోలేదు. 1978లో ఆ బిల్లు వెనక్కి పోయింది. 1980లో ముస్లింలను మినహాయించి మరో బిల్లు పెట్టారు. ఈసారి పార్సీలు అభ్యంతరం చెప్పారు. అదీ మురిగిపోయింది. మమ్మల్ని వదిలేస్తే మమ్మల్ని గౌరవించినట్టేనని ప్రభుత్వం అనుకుంది కాబోలు.

హిందువులకు 1956 దత్తత, మనోవర్తి చట్టం ఉంది. మాకు మిగిలింది 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం. దాని కింద పెంచిన తల్లి గార్డియన్, బిడ్డ వార్డు. మైనారిటీ తీరగానే చట్టం దృష్టిలో ఆ బంధమూ తీరిపోతుంది. గార్డియన్‌ను నియమించేటప్పుడు బిడ్డ మతాన్నీ చూడాలని ఆ చట్టం అంటుంది. బిడ్డ దీన్ పోతుందన్న భయాన్ని మేమూ కొట్టిపారేయం. 1876-78 కరువులో అనాథలైన పిల్లలు మిషన్ ఆశ్రమాల్లో పెరిగిన సంగతి తెలుగు నేలకు తెలుసు. నాంపల్లిలోని అనీసుల్ గుర్బా లాంటి యతీంఖానాలు మా సమాజం తన పిల్లల్ని తానే సాదుకుంటానని చెప్పిన మాట. ఆ మాట మీద మాకు గౌరవం ఉంది. కానీ యతీంఖానా ఇల్లు కాదు.

పెంచుకున్న కూతురికి తాను చట్టప్రకారం తల్లిని కాదని తెలిసి షబ్నం హాష్మీ 2005లో సుప్రీంకోర్టుకెక్కారు. ముస్లిం పర్సనల్ లా బోర్డు కఫాలాను గుర్తుచేస్తూ వాదించింది. 2014 ఫిబ్రవరి 19న తీర్పు వచ్చింది. జువెనైల్ జస్టిస్ చట్టం కింద ఏ మతంవారైనా దత్తత తీసుకోవచ్చు, వద్దనుకునేవాళ్లు తమ పర్సనల్ లా ప్రకారం పోవచ్చు అంది కోర్టు. దత్తతను ప్రాథమిక హక్కుగా ప్రకటించడానికి మాత్రం ఒప్పుకోలేదు.

కానీ మా బస్తీల్లో అసలు గొడవ దత్తత కాదు. యతీం అంటే తండ్రి లేని బిడ్డ. తల్లి ఉండొచ్చు. సెలవు రోజున యతీంఖానా గేటు దగ్గర నిలబడే బురఖాలను చూసినవాళ్లకు ఇది తెలుసు. వాళ్లంతా అమ్మలు. 2015 చట్టం లెక్కలో ఈ పిల్లలు అనాథలు కారు. కాకూడదు కూడా. వాళ్లకు కావలసింది కొత్త తల్లి కాదు, ఉన్న తల్లి చేతిలో నాలుగు రూపాయలు. అదీ కుదరనప్పుడు మామూ ఇల్లో, పక్క గల్లీలో ఇంకో ఇల్లో. ఆ చట్టం 44వ సెక్షన్ ఫోస్టర్ కేర్‌కు, అంటే బిడ్డను కొంతకాలం మరో కుటుంబంలో పెట్టి ప్రభుత్వం ఖర్చిచ్చే పద్ధతికి, దారి చూపింది. కఫాలాకు ఇంతకన్నా దగ్గరి చుట్టం ఏముంది? కన్నతండ్రి పేరు పోదు, వంశం కలవదు, మౌల్వీకి అభ్యంతరం ఉండకూడదు. అయినా మా మసీదు కమిటీలు దీని మాటెత్తవు. బాలల సంక్షేమ కమిటీలు ముస్లిం ఇళ్లను వెతుక్కుంటూ రావు.

స్పాన్సర్‌షిప్ అని ఇంకోటుంది. 2022లో మిషన్ వాత్సల్య నిబంధనలు వచ్చాక బిడ్డకు నెలకు 4000 రూపాయలు. భర్త పోయిన, విడాకులైన, భర్త వదిలేసిన తల్లుల పిల్లలకు ఇస్తారు. ఏటా ఆదాయం పల్లెల్లో 72,000, పట్టణాల్లో 96,000 మించకూడదు. బీడీలు చుట్టే తల్లికి ఆ హద్దు దాటే బాధ ఎలాగూ లేదు. బాధంతా రుజువులతోనే. నోటి తలాక్‌తో గడప దాటిన ఆడమనిషి ఏ కాగితం చూపిస్తుంది? 2019 నుంచి ఆ తలాక్ నేరం. అది చెల్లదు కాబట్టి లెక్క ప్రకారం ఆమెకు మొగుడున్నట్టే. ఆమె ఆఫీసుల చుట్టూ తిరుగుతుండగానే పిల్లవాడు ఊరు దాటి, హాస్టలున్న ఏదో మదర్సాలో చేరిపోతాడు. అక్కడ ఎవరూ కాగితం అడగరు.