దూర దృశ్యత

దూర దృశ్యత అనగా వాతావరణం నిర్మలంగా ఉన్నప్పుడు కొండలు, దీపస్తంభాలు, గోపురాల వంటి ఎత్తైన గుర్తులు ఎంత దూరం నుండి కంటికి కనిపించగలవో తెలిపే విషయం. ఇది ముఖ్యంగా భూమి వంపు, గాలి స్వచ్ఛత అనే రెండు అంశాలపై ఆధారపడి ఉంటుంది. మొదటిది ఎప్పుడూ ఉండేదే, రెండవది పూటపూటకూ మారుతుంది. ఒకే ఊరి నుండి ఒకే కొండ ఒకనాడు చెట్టుచేమలతో సహా కనిపించి, మరునాడు అసలు లేనట్లే ఉండడానికి ఈ రెండవ అంశమే కారణం.

భూమి వంపు

భూమి గోళాకారంలో ఉండడం వలన చూపు ఒక హద్దు వద్ద ఆగిపోతుంది. ఈ హద్దును క్షితిజం లేదా దిగంతం అంటారు. కన్ను ఎన్ని మీటర్ల ఎత్తున ఉన్నదో ఆ సంఖ్యకు వర్గమూలం కట్టి 3.57 చేత గుణిస్తే క్షితిజ దూరం కిలోమీటర్లలో వస్తుంది. సముద్రతీరంలో నిలబడిన మనిషి కన్ను 1.6 మీటర్ల ఎత్తున ఉంటే క్షితిజం కేవలం 4.5 కి.మీ. దూరంలో ఉంటుంది. 100 మీటర్ల ఎత్తు నుండి చూస్తే అది 35.7 కి.మీ. అవుతుంది. చూడబడే వస్తువు కూడా ఎత్తుగా ఉంటే రెండు దూరాలనూ కూడాలి. 11వ శతాబ్దంలో అల్ బిరూనీ నందన కోట (నేటి పాకిస్తాన్‌లోని పంజాబు) వద్ద కొండపై నుండి క్షితిజం ఎంత కోణం కిందికి దిగి ఉన్నదో కొలిచి, దాని నుండి భూమి వ్యాసార్ధాన్ని లెక్కకట్టాడు.

నేలకు దగ్గరగా గాలి సాంద్రత ఎక్కువ. అందువలన కాంతి కిరణం వక్రీభవనం చెంది భూమి వంపు వైపే కొద్దిగా వంగుతుంది. ఫలితంగా క్షితిజం సుమారు 8 శాతం దూరం జరుగుతుంది, అనగా 3.57 బదులు 3.86 తీసుకోవాలి. ఈ లెక్కన సుమారు 1,680 మీటర్ల ఎత్తున్న తూర్పు కనుమలలోని అర్మకొండ శిఖరానికి, సముద్రమట్టం వద్ద క్షితిజం 158 కి.మీ. అయితే మధ్యలో ఉన్న ఇతర కొండలు చూపుకు అడ్డు వస్తాయి కనుక, లెక్కలో వచ్చినంత దూరమూ కనబడుతుందని అనుకోరాదు.

గాలి స్వచ్ఛత

దూరపు వస్తువుకూ కంటికీ మధ్యనున్న గాలి సూర్యకాంతిని అన్ని దిక్కులకూ వెదజల్లుతుంది. దీనిని పరిక్షేపణం అంటారు. ఈ వెలుగు తెరలా అడ్డుపడి కొండకూ దాని వెనుక ఆకాశానికీ ఉన్న తేడాను తగ్గిస్తుంది. తేడా సుమారు 2 శాతానికి పడిపోతే కన్ను ఆ వస్తువును గుర్తించలేదనే ప్రాతిపదికపై జర్మన్ శాస్త్రవేత్త కోష్మీడర్ 1924లో దృశ్యతకు సూత్రం ఇచ్చాడు. దుమ్ము, పొగ ఏమాత్రం లేని గాలిలో కూడా సముద్రమట్టం వద్ద ఈ హద్దు సుమారు 300 కి.మీ. మాత్రమే. దూరపు కొండలు నీలంగా ఉండడానికీ పరిక్షేపణమే కారణం. దూరపు కొండలు నునుపు అనే సామెతలోని నునుపు కూడా చాలావరకు ఇందువలన వచ్చినదే. రాళ్లు, పొదల మధ్య తేడాలు ముందు చెరిగిపోతాయి, కొండ ఆకారం ఒక్కటే మిగులుతుంది.

గాలిలో తేమ పెరిగితే దుమ్ము, ఉప్పు కణాలు నీటిని పీల్చుకొని ఉబ్బి మరింత కాంతిని చెదరగొడతాయి. దృశ్యత 1 కి.మీ. కంటే తగ్గితే దానిని పొగమంచుగా లెక్కిస్తారు. గట్టి వాన కురిసి వెలిసిన తరువాత దుమ్ము కొట్టుకొనిపోయి గాలి తేటపడుతుంది. చలికాలపు ఉదయాలలో నేల దగ్గరి చల్లని గాలి పొగను పైకి పోనివ్వదు కనుక అప్పుడు మధ్యాహ్నమే మేలు.

సర్వేలో దూర దృశ్యత

భారతదేశ మహా త్రికోణమితీయ సర్వే యావత్తూ దూరపు గుర్తులను చూడడంపైనే ఆధారపడింది. విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు సమీపంలోని సెయింట్ థామస్ మౌంట్ వద్ద ఆధారరేఖ కొలిచి పని ప్రారంభించాడు. ఒక కొండపై నుండి మరొక కొండపై ఉంచిన గుర్తును చూసి కోణాలు కొలిచేవారు. వేసవిలో దుమ్ము, వేడిగాలి వలన గుర్తులు కనిపించేవి కావు. అందువలన వానాకాలంలోనే పనిచేసేవారు. తేట గాలి దొరికే ఆ రోజులే మన్యపు జ్వరాలకూ కాలం. 1819లో లాంబ్టన్ సహాయకుడైన జార్జ్ ఎవరెస్ట్ కృష్ణా గోదావరుల మధ్య అడవులలో సర్వే చేస్తూ ఎల్లాపురం వద్ద తన బృందంతో సహా తీవ్ర జ్వరానికి గురయ్యాడు. పని ఆపి హైదరాబాదుకు తిరిగి రావలసి వచ్చింది. సర్వే చరిత్రలో ఎవరెస్ట్ పేరు నిలిచిందే గాని, ఆ అడవులలో చెట్లు నరికి, జెండాలు మోసిన కూలీల, సిపాయిల పేర్లు చాలావరకు నమోదు కాలేదు. ఎవరెస్ట్ ఆరోగ్యం కోసం 1820లో దక్షిణాఫ్రికాలోని కేప్‌కు వెళ్ళాడు. తిరిగి వచ్చిన తరువాత అతడు రాత్రివేళ దీపాలను గుర్తులుగా వాడే పద్ధతిని పెంపొందించాడు. రాత్రి దీపాలు స్పష్టంగా కనిపించడంతో పొడి కాలంలో కూడా పని సాగింది.

నేపాల్ అనుమతి ఇవ్వనందున హిమాలయ శిఖరాలను మైదానాల నుండే కొలిచారు. 15వ శిఖరంగా పిలువబడిన నేటి ఎవరెస్ట్‌ను 1849-50లో జేమ్స్ నికల్సన్ 170 కి.మీ.కి పైగా దూరం నుండి చూసి కోణాలు తీశాడు. లెక్కలు పూర్తికాక ముందే మలేరియా సోకి అతడు స్వదేశానికి వెళ్ళిపోయాడు. వక్రీభవనానికి సవరణలు చేసి 1856లో ప్రకటించిన ఎత్తు 29,002 అడుగులు (సుమారు 8,840 మీటర్లు). 2020లో ప్రకటించిన 8,848.86 మీటర్లతో పోల్చితే తేడా 9 మీటర్లే.

ఇటీవలి ఉదాహరణలు

2016 జూలైలో పిరనీస్ పర్వతాలలోని ఫినెస్త్రెల్స్ శిఖరం నుండి 443 కి.మీ. దూరంలోని ఆల్ప్స్ శిఖరం గాస్పార్‌ను సూర్యోదయ సమయంలో ఫోటో తీశారు. ఇది పైన చెప్పిన 300 కి.మీ. హద్దును మించినా దానికి విరుద్ధం కాదు, ఎందుకంటే ఎత్తైన చోట గాలి పలుచగా ఉంటుంది.

2020 ఏప్రిల్ తొలివారంలో, లాక్‌డౌన్ వలన వాహనాలు, కర్మాగారాలు ఆగిపోయినప్పుడు, పంజాబులోని జలంధర్ వాసులకు మేడలపై నుండి మంచు కప్పిన ధౌలాధార్ శ్రేణి కనిపించింది. చాలా సంవత్సరాలుగా ఈ దృశ్యం కనుమరుగైనదని స్థానికులు చెప్పారు. పత్రికలు ఈ దూరాన్ని 200 కి.మీ. పైగా అని వ్రాశాయి. జలంధర్ నుండి ధర్మశాల పైనున్న శిఖరాలకు సరళరేఖలో దూరం సుమారు 130 కి.మీ. మాత్రమే.