యామనపల్లి నుంచి నౌబత్ పహాడ్ దాకా

"తాతా, ఇవన్నీ నిజం బొక్కలేనా?"

బిర్లా సైన్స్ మ్యూజియంలోని డైనోజారియంలో నిలబడి మా మనవరాలు మొదట అడిగిన మాట ఇది. ఆరేళ్ల పిల్ల. డైనోసార్ అంటే సినిమాలోదనే అనుకుంటూ వచ్చింది. తల మీదుగా సాగిపోతున్న పొడవాటి మెడను, స్తంభాల్లాంటి కాళ్లను చూశాక చేతిలోని చిప్స్ పొట్లం సంగతే మరిచిపోయింది.

చాలావరకు నిజంవే అన్నాను. దొరకని ముక్కల చోట చేసిపెట్టినవి ఉన్నాయి. తల మాత్రం పూర్తిగా చేసిపెట్టిందే.

"మరి దాని తల ఏమైంది?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే మా వైపు పోవాలి. నేను పుట్టింది చెన్నూరు దగ్గర, నాటి ఆదిలాబాద్ జిల్లాలో. చిన్నప్పుడు ప్రాణహితలో మునిగాం, కాళేశ్వరం పోయి గోదావరికి దండం పెట్టాం. మా కాళ్ల కింది ఇసుకరాళ్లలో ఇంత పెద్ద జంతువుల మందలు పడుకుని ఉన్నాయని మాకు చెప్పినవారు లేరు. భూగర్భ శాస్త్రజ్ఞులకు మాత్రం ఆ నేల ఎప్పటినుంచో తెలుసు. ప్రాణహిత ఒడ్డున, ఇప్పుడు మహారాష్ట్రలో ఉన్న కోట అనే పల్లె దగ్గర 19వ శతాబ్దంలోనే చేపల శిలాజాలు దొరికాయి. ఆ పల్లె పేరుమీదనే ఆ రాతి పొరలకు కోట ఫార్మేషన్ అని పేరు వచ్చింది.

1970ల చివర్లో జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వారు మా వైపే ఉన్న యామనపల్లి అనే పల్లె దగ్గర తవ్వకాలు చేశారు. అక్కడ సుమారు 2,400 చదరపు మీటర్ల జాగాలో 840 దాకా ఎముకలు బయటపడ్డాయి. అవి ఒక్క జంతువువి కావు, కనీసం పన్నెండింటివి. పెద్దా చిన్నా కలిసి ఒక్కచోటే పడి ఉన్నాయి. మందకు మందే వరదలో చిక్కుకుందేమోనని ఒక ఊహ. గోదావరి వరద ఎట్లుంటుందో చూసినవాడిని, నాకు ఆ ఊహ వింటేనే ఒళ్లు జలదరిస్తుంది. 1988లో పి. యాదగిరి ఈ జంతువును శాస్త్రలోకానికి పరిచయం చేస్తూ కోటాసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. లాటిన్ తోక తగిలించుకుని మా వైపు పల్లె ప్రపంచంలోని డైనోసార్ పుస్తకాలన్నింట్లోకీ ఎక్కింది.

అన్ని ఎముకల్లోనూ పుర్రె మాత్రం లేదు, దొరికినవి పళ్లే. ఈ జాతి జంతువులకు ఒళ్లు ఎంత పెద్దదో తల అంత చిన్నది, పలచనిది. చచ్చాక మెడ నుంచి ముందుగా ఊడి, నీటికి కొట్టుకుపోయేది అదే. అందుకే దాని బంధువుల ఎముకలను చూసి, దొరికిన పళ్లను చూసి ఇక్కడి తలను ఊహించి చేయాల్సి వచ్చింది. నిజం ఎముకలను చూడడం ఎంత ముఖ్యమో, ఎక్కడ ఊహ మొదలవుతుందో పిల్లలకు చూపడం కూడా అంతే ముఖ్యమని నా నమ్మకం. సినిమా ఆ రెండింటినీ కలిపేస్తుంది. ఈ హాల్లో రెండింటినీ విడదీసి చూపొచ్చు.

ఇదే రాతి పొరల్లోంచి మరో పెద్ద జంతువు కూడా వచ్చింది. కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వారు 1960 ప్రాంతంలో తవ్వి తీసిన దాని తొడ ఎముకే 1.7 మీటర్ల పొడవు. బెంగాలీలో 'బొడో పా' అంటే పెద్ద కాలు. అలా అది బరపాసారస్ అయింది. తవ్వకాల కాలంలోనే 1961లో రవీంద్రుడి శతజయంతి రావడంతో టాగోరి అన్నది జాతి పేరైంది. అది ఇప్పుడు కలకత్తాలో ఉంది. కోటాసారస్ మాత్రం హైదరాబాద్‌కు వచ్చి, మనకు ఆర్టీసీ బస్సు దూరంలో నిలబడింది. ఈ పాతికేళ్లలో ఈ హాలు చేసిన అన్ని పనుల్లోకీ ఇదే పెద్దదని నేనంటాను.

ఈ మ్యూజియం ఉన్న గుట్ట, నౌబత్ పహాడ్ మీద మొదట వచ్చింది ప్లానెటేరియం. 1985 సెప్టెంబర్ 8న ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు దాన్ని ప్రారంభించారు. 1990లో సైన్స్ మ్యూజియం, 2000లో ఈ డైనోజారియం, 2019లో ఇస్రో తోడ్పాటుతో అంతరిక్ష మ్యూజియం వచ్చాయి. ఎదురుగా కాలాపహాడ్ మీద తెల్లటి వెంకటేశ్వరుడి గుడి 1976 నుంచే ఉంది. దర్శనం చేసుకుని, పిల్లలను ఇటు తీసుకొచ్చి, చుక్కల ఆట చూపించి ఇంటికి పోవడం నగరంలో రెండు తరాల ఇళ్లకు అలవాటు. మా అబ్బాయిని అట్లాగే తెచ్చాను. వాడి బిడ్డను ఇప్పుడు తెచ్చాను.

డైనోజారియంలో పిల్లలు పెద్ద అస్థిపంజరం దగ్గరే ఆగిపోతారు. చుట్టూ ఉన్న చిన్నవాటి దగ్గరికి వాళ్లను నడిపించాల్సింది పెద్దవాళ్లే. డైనోసార్ గుడ్లు, రాయిగా మారిన చెట్టు మొద్దు, గవ్వలు, నత్తలు ఉన్నాయి. చెట్టు మొద్దు ముందు మేం చాలాసేపు నిలబడ్డాం. కర్రలా కనిపించేది రాయి ఎట్లా అయిందని అడిగింది. నీళ్లలో కరిగిన ఖనిజం కణం కణంలోకీ దూరి, కుళ్లేలోపే కర్ర జాగాను తాను తీసుకుందని చెప్పాను. "బొక్కలు కూడా అట్లనేనా?" అంది. దాదాపు అట్లనే.

బయటికొచ్చాక గుట్ట బండ మీద కూర్చున్నాం. లోపలి జంతువుకు 16 కోట్ల ఏళ్లకు పైబడిన వయసు. అది బతికిన నాటికి మన నేల ఆఫ్రికాను, అంటార్కిటికాను అంటుకుని ఉంది. హిమాలయాలు ఇంకా లేవు. మేం కూర్చున్న ఈ గ్రానైట్ బండకేమో సుమారు 250 కోట్ల ఏళ్లు. పాప అరచేత్తో బండను నిమిరింది. ఎండకు కాలుతోందని చెయ్యి వెనక్కి తీసుకుని, మళ్లీ పెట్టింది.

మెహదీపట్నం బస్సులో కిటికీ పక్కన కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నిద్రపోయిందనుకున్నాను.

"తాతా, దాని తల ఇంకా మీ ఊరి దగ్గరే ఉందా?"

"ఉంటే ఉండొచ్చు బిడ్డా."

"దసరా సెలవులకు పోదామా మరి?"