కరవు కన్న చిత్రము: “ధర్తీ కే లాల్”

మహారాష్ట్రమున తరతరములుగా నివసించుచున్న తెలుగువారమగు మన పూర్వులలో పెక్కురు పొట్ట చేతబట్టుకొని ఊరు విడిచి వచ్చినవారే. బొంబాయిలోని కామాఠిపుర నామమే అందులకు సాక్ష్యము. కావున ఊరు విడిచిన ఒక కర్షక కుటుంబమును గూర్చి తీయబడిన “ధర్తీ కే లాల్” అను హిందీ చిత్రమును ఇచట స్మరించుట ఉచితమని తలంచుచున్నాను.

1942లో బర్మా జపానువారి వశమగుటచే అచ్చటి బియ్యము వంగదేశమునకు రాక నిలిచెను. ఆ అక్టోబరులో తుపాను మిద్నపూరును ధ్వంస మొనర్చెను. శత్రువునకు చిక్కరాదని ప్రభుత్వము తీరప్రాంతపు పడవలను తొలగించెను. వర్తకులు ధాన్యమును దాచిరి, ధరలు మిన్నంటెను. 1943 నాటి ఆ క్షామమునకు సుమారు 15 లక్షలమంది బలియైరని విచారణ సంఘము 1945లో తెలిపెను. 30 లక్షలని తరువాతి పరిశోధకులు పలువురు చెప్పిరి.

1943లో బొంబాయిలో ఏర్పడిన ‘ఇప్టా’ నాట్యసంఘము ఈ ఘోరమును చిత్రముగా తీయ బూనుకొనెను. బిజన్ భట్టాచార్య “నబాన్న” నాటకమును, కృషణ్ చందర్ “అన్నదాత” కథను ఆధారము చేసికొని ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ దర్శకత్వము వహించెను. ఆయనకు అదియే తొలిచిత్రము. ధనబలము స్వల్పము. యుద్ధకాలమున ముడిఫిల్ము లైసెన్సుపైననే లభించెడిది. చిత్రపు నిడివికి 11,000 అడుగుల హద్దుండెను. పేరుమోసిన తారలు లేరు. శంభుమిత్ర, తృప్తిమిత్ర, బలరాజ్ సాహ్ని, ఆయన భార్య దమయంతి మున్నగు నాటక కళాకారులే పాత్రలు ధరించిరి. యువకుడగు రవిశంకర్ సంగీతము కూర్చెను. జనసమూహ దృశ్యములకు మన ధూలియా ప్రాంతపు కిసాన్ సభ రైతులు తోడ్పడిరి. వంగ రైతు వ్యథను ఖాందేశపు రైతు అభినయించుట ఈ చిత్రమునకు అబ్బిన భాగ్యము.

1946లో బొంబాయిలో విడుదలైనపుడు మతకలహములు చెలరేగి జనము రాకపోయిరి. అయినను 1949లో సోవియట్ దేశమున అది విరివిగా ప్రదర్శింపబడెను. ‘ఇప్టా’కు తెలుగునాట శాఖయైన ప్రజానాట్యమండలి నుండి వచ్చిన గరికపాటి రాజారావు కూడ 1953లో “పుట్టిల్లు” చిత్రమును నిర్మించెను.

చిత్రాంతమున కలకత్తా వీథులనుండి మిగిలినవారు పల్లెకు మరలి ఉమ్మడి సేద్యము సాగింతురు. ఆకలికి తన దేహమునే అమ్ముకొనవలసి వచ్చిన కోడలు రాధిక మాత్రము భర్తతో దూరముననే నిలిచిపోవును. కరవు తీరినను ఊరు ఆమెకు తిరిగి దక్కలేదు. మనలో తిరిగి వెళ్లలేకపోయిన వారెందరో, వారి పేర్లేవో ఏ దస్తరమునను వ్రాయబడలేదు. ఈ చిత్రమును చూచునపుడు వారిని ఒక్క క్షణము తలంచుట మన విధి.