నెగటివుల పెట్టె

నేను తెలుగు పండితుడిగా పనిచేసిన ఉన్నత పాఠశాలలో ఏటా పదవ తరగతి వారికి గ్రూపు ఫోటో తీయించేవాళ్ళం. ఊళ్ళో ఉన్నది ఒకటే స్టూడియో. 1988 వేసవిలో ఆ ఏటి విద్యార్థి ఒకడు చెరువులో మునిగి మరణించాడు. వానికి విడిగా ఫోటో లేదు. తండ్రి వచ్చి అడుగగా, స్టూడియో యజమాని గ్రూపు ఫోటో నెగటివు వెదికి, ఆ ముఖమొక్కటే పెద్దది చేసి ఇచ్చాడు. పైకం పుచ్చుకోలేదు.

తీయడం ఎంతో, దాచడం అంతే. ఆ వృత్తిధర్మం అది. 1886లో సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పి, ఆరవ నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్‌దయాళ్ 1905లో గతించారు. ఆయన గాజుపలకల నెగటివులు 2,857 మాత్రం నిలిచి, 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరాయి.

1975లో కొడాక్ సంస్థలో స్టీవెన్ సాసన్ అనే ఇంజనీరు తొలి డిజిటల్ కెమెరా రూపొందించాడు. పదివేల బిందువుల బొమ్మ క్యాసెట్టుపైకి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేదట! ఫిల్ముతో ప్రపంచాన్ని ఏలిన ఆ సంస్థే 2012 జనవరిలో దివాలా రక్షణ కోరవలసి వచ్చింది.

మా ఊరి స్టూడియోకు డిజిటల్ కెమెరా 2005 ప్రాంతంలో వచ్చింది. రీలుకు 36 బొమ్మలన్న పొదుపు పోయింది. కడగడం పోయింది. చీకటిగది సామాన్ల కొట్టయింది. తరువాత సెల్‌ఫోను వచ్చి, ఆయనకు పాస్‌పోర్టు ఫోటోలూ లామినేషనూ మిగిల్చింది. దీనిని కేవలం నష్టమని నేననను. జీవితంలో ఒక్క ఫోటో అయినా దిగని కూలితల్లులను ఎరుగుదును. నేడు వారి మనుమలు రోజూ వారి బొమ్మ తీస్తున్నారు.

అయితే మొన్న 2006 నాటి విద్యార్థులు తమ గ్రూపు ఫోటో కావాలని వచ్చారు. స్టూడియో కంప్యూటరు ఏనాడో చెడిపోయింది. ఎవరి వద్దా ప్రతి లేదు. 1988 నాటిది మాత్రం ఉంది. దుకాణం మూసేనాడు యజమాని నెగటివుల పెట్టెలు నాకప్పగించాడు.

దాచే బాధ్యత ఒకనాడు ఆయనది. ఇప్పుడది మనందరి మీదా పడింది, పడిందని మనకు తెలియకుండానే. మిత్రులారా, మీ ఇంటి పెద్దల ఫోటో ఒక్కటైనా ఈ వారం కాగితం మీద అచ్చు వేయించండి. వెనుక పేరూ, తేదీ రాయడం మరువకండి.